పోటు లేని గుండెపోటు

మా పెదనాయనకు రైళ్ళంటే ఇష్టమని చాలాకాలం అనుకున్నాను. జనగామ స్టేషనులో మెట్ల వంతెన ఎక్కేటప్పుడు ఆయన సరిగ్గా సగం మెట్ల దగ్గర ఆగేవారు. ఇనుపకమ్మీ పట్టుకొని, కాజీపేట వైపు చూస్తూ, ఏదో బండికోసం ఎదురుచూస్తున్నట్టు రెండు మూడు నిమిషాలు నిలబడేవారు. తర్వాత ఏమీ జరగనట్టే మిగిలిన మెట్లు ఎక్కేవారు. ఒకసారి నేను వెనుదిరిగి "ఏమైంది పెదనాయనా?" అని అడిగితే "ఏం లేదు బిడ్డా, గ్యాసు పట్టింది" అన్నారు.

ఆయన తెలుగు పండితులు. పోతనగారి బమ్మెర మనకు దగ్గరి ఊరు కావడం తన సొంత ఘనతగా భావించే తరంవారు. సాయంత్రం చుట్ట కాల్చి, గజేంద్రమోక్షం పద్యాలు ఎత్తుకుంటే ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. చివరి ఏడాది ఆ పద్యాలు మధ్యలో తెగిపోవడం మొదలైంది. భోజనం చేసి నాలుగడుగులు నడిస్తే రొమ్ముమీద ఎవరో బండ పెట్టినట్టుందనేవారు. పెద్దమ్మ ఓమ నమిలించేది. నేను పరుగున వెళ్ళి సోడా తెచ్చేవాణ్ణి. కాసేపు కూర్చుంటే తగ్గేది. తగ్గినందుకు మేము ఓమను, సోడాను మెచ్చుకునేవాళ్ళం. తగ్గించింది ఆ కాసేపు కూర్చోవడమేనని మాలో ఎవరికీ తోచలేదు.

1996 జనవరి 18న ఎన్.టి. రామారావుగారు గుండెపోటుతో మరణించారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఏ అరుగుమీద విన్నా గుండెపోటు మాటే. ఫిబ్రవరిలో ఒకనాడు తెల్లవారుజామున మూడింటికి పెదనాయన లేచి కూర్చున్నారు. ఆ చలిలోనూ బనియను తడిసేంత చెమట. ఎడమచేయి, దవడ లాగుతున్నాయన్నారు. గుండెనొప్పేమోనని పెద్దమ్మ భయపడితే ఆయన అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది: "గుండెపోటైతే పొడవాలె గదా. ఇది పొడుస్తలేదు. బరువుగున్నది, అంతే."

ఆ వాదన మా అందరికీ నచ్చింది. నచ్చాలని కోరుకున్నాం కనుక నచ్చింది. తెల్లవారేదాకా ఆగాం. కారు దొరికి వరంగల్లుకు బయలుదేరేసరికి ఏడు దాటింది. రఘునాథపల్లి దాటాక, స్టేషన్ ఘనపూర్ ఇంకా రాకముందే ఆయన వెళ్ళిపోయారు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలు.

జీవితమంతా మాటల అర్థాలు చెప్పిన మనిషి, ఒక మాటను దాని అర్థంతో సహా నమ్మి మోసపోయాడన్న సంగతి నన్ను చాలాకాలం వెంటాడింది. ఆ మాట చరిత్రను, ఆ నొప్పి చరిత్రను వెతుక్కుంటూ నేను చదివినదాని సారాంశమే ఈ వ్యాసం. నేను వైద్యుణ్ణి కాను. వైద్యం చెప్పడానికి కాక, ఒక పొరపాటు ఎంత పాతదో చెప్పడానికి పూనుకున్నాను.

పోటు అంటే పొడవడం. కత్తిపోటు, బల్లెపుపోటు అన్నట్లే గుండెపోటు. సంస్కృతంలోని హృచ్ఛూల కూడా ఇలాంటిదే; శూలం గుచ్చినట్లుండే నొప్పి కనుక శూల. దానికి తోడు మన సినిమాలు ఉండనే ఉన్నాయి. గుమ్మడిగారి వంటి నటులు పోషించిన తండ్రి పాత్రలు దుర్వార్త వినగానే ఎడమరొమ్ము పట్టుకొని, తూలి, కుప్పకూలడం మన కళ్ళలో ముద్రపడిపోయింది. గుండెజబ్బంటే అంత స్పష్టంగా, అంత నాటకీయంగా వస్తుందని మనకు తెలియకుండానే మనం నేర్చుకున్నాం.

అయితే మన పూర్వులు ఈ నొప్పిని కేవలం పోటుగానే చూశారనడం న్యాయం కాదు. చరకుడు హృద్రోగాలను ఐదు విధాలుగా విభజించాడు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో హృచ్ఛూలను వర్ణించిన తీరు మరీ ఆసక్తికరం. కఫపిత్తాలచేత అడ్డగింపబడిన వాయువు రసంతో కలిసి, హృదయంలో నిలిచి, ఊపిరి సలపనివ్వని నొప్పిని కలిగిస్తుందని అందులోని భావం. అడ్డగింపబడడం, ఊపిరి ఆడకపోవడం అనే రెండు విషయాలు అక్కడ స్పష్టంగా ఉన్నాయి. తర్వాతి శతాబ్దాలలో జనవ్యవహారంలో ఆ అడ్డంకి, ఆ హృదయం జారిపోయి ఒక్క వాయువు మాత్రం మిగిలిందేమోననిపిస్తుంది. ఆ వాయువే నేడు మన నోళ్ళలో గ్యాసు అయింది కాబోలు. ఇది నా ఊహ మాత్రమే సుమా.

ఇక పాశ్చాత్య వైద్యంలో ఈ నొప్పికి పేరు పెట్టినవాడు విలియం హెబర్డెన్ అనే లండను వైద్యుడు. 1768లో అక్కడి రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఆయన చదివిన వ్యాసం 1772లో అచ్చయింది. ఆ రోజుల్లో ఆయన చేతిలో స్టెతస్కోపు కూడా లేదు. ఉన్నదల్లా రోగి చెప్పినది ఓపికగా వినే చెవి. ఆయన విన్నదేమిటి? నడిచేటప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, అందులోనూ భోజనం చేసిన వెంటనే, రొమ్ములో ప్రాణం పోతుందేమోననిపించే బాధ పట్టుకుంటుంది, నిలబడగానే మాయమవుతుంది. ఈ వాక్యం చదివినప్పుడు నాకు జనగామ మెట్ల వంతెన కనిపించింది. పెదనాయన పుట్టడానికి దాదాపు 170 ఏళ్ళ ముందే ఆయన జబ్బును ఎవరో పూసగుచ్చినట్టు రాసిపెట్టారు.

హెబర్డెన్ దానికి ఎంచుకున్న పేరు ఆంజైనా పెక్టోరిస్. లాటిన్‌లో ఆంజైనా అంటే గొంతు పిసికినట్లుండడం, ఉక్కిరిబిక్కిరి కావడం. ఆయన పోటు అనలేదు. పిసకడం, బిగించడం అన్నాడు. మొత్తం మీద దాదాపు నూరుమంది ఇలాంటి రోగులను చూశానని, వారిలో ముగ్గురు స్త్రీలు, 12 ఏళ్ళ బాలుడొకడు పోగా మిగిలినవారందరూ ఏబై ఏళ్ళకు దగ్గరపడిన లేక దాటిన పురుషులేనని ఆయన మరణానంతరం 1802లో వెలువడిన గ్రంథంలో ఉంది. ఒక రోగి రోజూ అరగంట కట్టెలు కోయడం నియమంగా పెట్టుకొని దాదాపు స్వస్థుడయ్యాడని కూడా రాశాడు. వ్యాయామం గుండెకు మేలన్న నేటి మాటకు అది పూర్వరూపం. కాని ఈ నొప్పి గుండెకు చెందినదని మాత్రం హెబర్డెన్ తేల్చలేదు.

ఆ 1772 వ్యాసం చదివిన ఒక అజ్ఞాత పాఠకుడు, తన లక్షణాలూ అవేనని, తాను హఠాత్తుగా మరణిస్తే తన దేహాన్ని పరీక్షించవచ్చునని హెబర్డెన్‌కు పేరు లేకుండా ఉత్తరం రాశాడు. మూడు వారాలలోపే మరణించాడు. సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఆ దేహాన్ని కోసి చూశాడు. చెప్పుకోదగ్గ దోషమేదీ కనిపించలేదన్నారు. గుండెకు రక్తాన్నిచ్చే సన్నని నాళాలను నిశితంగా చూడాలని అప్పుడెవరికీ తట్టలేదు.

హంటర్ శిష్యుడు ఎడ్వర్డ్ జెన్నర్, అంటే తర్వాత మశూచికి టీకా కనిపెట్టిన జెన్నరే, మరొక రోగి గుండెను కోస్తుండగా కత్తికి ఏదో గట్టిగా తగిలింది. పైకప్పు పాతది కనుక గచ్చు రాలిందేమోనని తలెత్తి చూశాడట. రాలింది గచ్చు కాదు. ఎముకలా గట్టిపడిపోయిన రక్తనాళం. ఆంజైనాకు మూలం ఇదేనేమోనని ఆయన అనుమానించాడు. కాని అప్పటికే గురువుగారు హంటర్‌కు ఆ నొప్పి వస్తోంది. ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక జెన్నర్ ఆ విషయాన్ని బహిరంగంగా చెప్పలేదు. 1793 అక్టోబరు 16న లండను సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో జరిగిన సమావేశంలో వాగ్వాదం మధ్య హంటర్ కుప్పకూలి మరణించాడు. శవపరీక్షలో ఆయన హృదయధమనులు గట్టిపడి కనిపించాయి. జెన్నర్ అభిప్రాయాన్ని ఆయన మిత్రుడు కేలబ్ పారీ 1799లో లోకానికి తెలియజేశాడు. ప్రేమకొద్దీ పాటించిన మౌనం కూడా ఈ చరిత్రలో ఒక భాగమే. మా ఇంట్లోనూ అలాంటి మౌనమే ఉండేది.

ఇక్కడినుండి కథ మన నేలకు వస్తుంది. 1867లో ఎడింబరోలోని రాయల్ ఇన్ఫర్మరీలో లాడర్ బ్రంటన్ అనే 23 ఏళ్ళ యువవైద్యుడు, రాత్రిపూట ఆంజైనాతో అల్లాడే ఒక రోగికి అమైల్ నైట్రైట్ అనే ద్రవాన్ని గుడ్డమీద చల్లి వాసన చూపించాడు. నిమిషంలోపే నొప్పి మాయమైంది. వేల సంవత్సరాలుగా మనిషిని వేధిస్తున్న ఈ నొప్పికి దొరికిన మొదటి నమ్మకమైన ఉపశమనం అది.

ఇరవై రెండేళ్ళ తర్వాత, 1889లో, ఆ బ్రంటనే హైదరాబాదుకు వచ్చాడు. ఆయన వచ్చింది ఆంజైనా కోసం కాదు, క్లోరోఫాం కోసం. మత్తుమందుగా ఇచ్చిన క్లోరోఫాంతో కొందరు బల్లమీదే హఠాత్తుగా మరణిస్తుండేవారు. ఆగిపోయేది ముందు గుండెనా, ఊపిరా అన్నది నాటి పెద్ద వివాదం. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ఊపిరేనని వాదించేవాడు. 1888లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ పోషణలో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడి ఆ వాదాన్ని సమర్థించింది. లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక ఒప్పుకోలేదు. అయితే మీ ప్రతినిధిని పంపండి, ఖర్చులకు వెయ్యి పౌనులు మేమిస్తామన్నది నిజాం ప్రభుత్వం. అలా వచ్చినవాడు బ్రంటన్. క్లోరోఫాం గుండెను ఆపగలదన్న అభిప్రాయంతో వచ్చిన ఆయన, వందలాది జంతువులమీద జరిగిన ప్రయోగాలు చూశాక తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. ఊపిరిని గమనించండి, గుండెను గురించి చింతించనక్కరలేదన్నది కమిషన్ తీర్పు.

అదే 1889లో నిజాం రైలుమార్గం మన జనగామ మీదుగా బెజవాడను చేరింది. పెదనాయన ఆగి నిలబడిన వంతెన కిందుగా సాగేది ఆ మార్గమే.

కమిషన్ తీర్పు తప్పని తేలడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1911 నుండి లండనులో ఏ.జి. లెవీ చేసిన పరిశోధనలలో, తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి, కంపించి, ఒక్కసారిగా ఆగిపోగలదని రుజువైంది. ఎంత గొప్ప పోషణ, ఎంతటి మేధావులు, ఎన్ని ప్రయోగాలు! అయినా నేరం గుండెది కాదని తేల్చారు. నిజాం రాజ్యంలో ఆనాడు పండితులు ఊపిరి మీదకు నెట్టిన తప్పును, అదే నేలమీద మేము మా ఇంట్లో కడుపు మీదకు నెట్టాం. గుండెను నిర్దోషిగా విడిచిపెట్టాలన్న తాపత్రయం మనుషులందరిలోనూ ఉంటుంది కాబోలు. కడుపు జబ్బైతే తెల్లవారేదాకా ఆగవచ్చు మరి!

బ్రంటన్ కనిపెట్టిన ఔషధానికి తోబుట్టువు నైట్రోగ్లిసరిన్. 1879లో విలియం మరెల్ దానిని ఆంజైనాకు వాడి చూపాడు. దాన్నుంచే డైనమైటు తయారుచేసి సంపన్నుడైన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు, 1896లో గుండెజబ్బు ముదిరినప్పుడు వైద్యులు ఆ పదార్థాన్నే మందుగా సూచించారు. విధి పరిహాసమని ఆయన మిత్రునికి ఉత్తరం రాశాడు. ఆ మందు నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా రక్తనాళాలను సడలిస్తుందన్న వరుస పరిశోధనలకు 1998లో నోబెల్ పేరిటి బహుమతే లభించడం చరిత్రలోని మరొక చమత్కారం. నేడు మన పెద్దల జేబుల్లో కనిపించే, నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఈ వంశానివే. నొప్పిని తగ్గించినంత మాత్రాన అవి అడ్డంకిని తొలగించినట్టు కాదు. రక్తపోటు పడిపోయినవారికి వాటివల్ల ప్రమాదం కూడా ఉంది కనుక, అవి వైద్యుడు రాసిచ్చిన మనిషికే పనికివస్తాయి గాని పక్కింటివారికి కాదు.

ఇంతకూ ఆ అడ్డంకి ఏమిటి? గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. దానికి రక్తాన్నిచ్చేవి కిరీటంలా చుట్టుకొని ఉన్న కుడిఎడమ ధమనులు. వాటి ప్రధానశాఖలు మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పే. శరీరంలోని ఇతర కండరాలు అవసరం పెరిగినప్పుడు వచ్చే రక్తంలోంచే ఎక్కువ ప్రాణవాయువును పిండుకోగలవు. గుండెకండరం విశ్రాంతిలోనే నూటికి సుమారు 70 వంతులు తీసేసుకుంటుంది కనుక దానికి ఆ వెసులుబాటు తక్కువ. పని పెరిగితే రక్తప్రవాహమే పెరగాలి. ధమని గోడల్లో ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకొని దారి మూడింట రెండు వంతులకు పైగా ఇరుకైతే, కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం మెట్లెక్కేటప్పుడు సరిపోదు. ఆ లోటును గుండె చెప్పుకునే మాటే ఆంజైనా. ఆగితే తగ్గుతుంది.

గుండెపోటు దీని తర్వాతి అంకం. ఆ కొవ్వుపొర హఠాత్తుగా చిట్లితే, గాయం మానడానికి గడ్డకట్టినట్లే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. పెద్దగా ఇరుకు లేని చోట కూడా ఇలా జరగవచ్చు. అప్పుడు విశ్రాంతితో నొప్పి తగ్గదు. గంటగంటకూ కండరం చనిపోతుంది. అయితే వెంటనే చావు తప్పదన్న పాత నమ్మకం తప్పు. గడ్డకట్టిన తర్వాత కూడా మనిషి బతకవచ్చునని, ఆ లక్షణాలను బతికుండగానే గుర్తించవచ్చునని 1912లో షికాగోలో జేమ్స్ హెరిక్ చెప్పాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1988లో 17,187 మంది రోగులతో జరిగిన ఒక పరిశీలన, ఆస్పిరిన్ ఒక్కటే మొదటి ఐదు వారాల మరణాలను సుమారు నాలుగో వంతు తగ్గిస్తుందని, గడ్డను కరిగించే మందు కూడా కలిస్తే ఇంకా ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని తేల్చింది. 1996 నాటికి ఆ విషయం లోకానికి తెలిసి ఎనిమిదేళ్ళు. ఆ రాత్రి మా ఇంటి అలమరలో, తలనొప్పి కోసం ఉంచిన ఆస్పిరిన్ మాత్రలు ఉన్నాయి. మేము ఓమ నీళ్ళు కాచాం.

ఈ జబ్బు మనవారిని తొందరగా వెతుక్కుంటూ వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి మరణించినప్పుడు ఆయన వయస్సు 53. ఒక్క 1974లోనే తెలుగువారు ఘంటసాలను 51వ ఏట, ఎస్.వి. రంగారావును 56వ ఏట గుండెజబ్బుకే కోల్పోయారు. 2004లో సలీం యూసుఫ్ బృందం 52 దేశాలలో జరిపిన ఇంటర్‌హార్ట్ పరిశీలన ప్రకారం తొలి గుండెపోటుకు కారణాలు చాలావరకు తొమ్మిది అంశాల్లోనే ఇమిడిపోతాయి: పొగతాగడం, కొవ్వుల అసమతౌల్యం, అధిక రక్తపోటు, చక్కెరవ్యాధి, పొట్ట పెరగడం, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం, మద్యానికి సంబంధించిన అలవాట్లు. మన దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53వ ఏట వస్తే, మిగిలినవారికి 59వ ఏట వస్తోందని ఆ సమాచారాన్నే పరిశీలించి 2007లో చెప్పారు. ఆ తొమ్మిదింటిలో పెదనాయనకు ఎన్ని ఉన్నాయో వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాను. చుట్ట, చక్కెర, పొట్ట, కూతురి పెళ్ళి బెంగ. నాలుగు దగ్గర ఆపేశాను.

హెబర్డెన్ లెక్కలోని ముగ్గురు స్త్రీలను గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ లెక్క చూసి ఇది మగవారి జబ్బని లోకం చాలాకాలం అనుకుంది. అది నిజం కాదు. స్త్రీలలోనూ, చక్కెరవ్యాధి ఉన్నవారిలోనూ రొమ్మునొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, వికారం, అకారణమైన నీరసం రూపంలో రావచ్చు. అంటే అక్కడ పోటు లేకపోవడమే కాదు, నొప్పే ఉండకపోవచ్చు.

1996 నాటి జనగామ వేరు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనాలు అప్పుడు లేవు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ లేదు. 2016లో జనగామ జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. వాహనం వస్తుంది, ఇ.సి.జి. తీస్తారు, గడ్డ కరిగించే మందుంది, హైదరాబాదు ఎనబైతొమ్మిది కిలోమీటర్లు అటూఇటూగా ఉంది. కాని వీటన్నిటికంటే ముందు ఇంట్లో ఒక మాట మారాలి. గ్యాసు అన్న మాట నోట ఉన్నంతసేపు ఫోను చేతిలోకి రాదు.

పోటుకు బదులు మన భాషలోనే ఒక మంచి మాట ఉంది: పట్టు. రొమ్ము పట్టేసింది అంటాం. పెదనాయన అంత ఇష్టంగా పాడిన కథలో మొసలి చేసినది కూడా పొడవడం కాదు, పట్టుకోవడమే. గుండెపట్టు అని ఉండి ఉంటే ఆ రాత్రి ఆయన వాదన వేరేగా ఉండేదేమో.

ఈ మధ్య జనగామ వెళ్ళినప్పుడు ఆ మెట్ల వంతెన ఎక్కాను. నాకిప్పుడు ఏబై ఏళ్ళు. ఎక్కడా ఆగలేదు. కాని ఎక్కుతున్నంతసేపు మెట్లు లెక్కపెడుతూనే ఉన్నాను.

మీ ఇంట్లో ఎవరైనా గ్యాసు అన్నప్పుడు దయచేసి మూడు ప్రశ్నలు అడగండి. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గుతున్నదా? తగ్గుతుంటే, ఆ వారంలోనే వైద్యునికి చూపించండి. చేతికో దవడకో వీపుకో పాకుతున్నదా, చెమటలు పడుతున్నాయా? కూర్చున్నా పది పదిహేను నిమిషాల్లో తగ్గడం లేదా? ఈ చివరి రెండింటిలో దేనికి అవునని జవాబొచ్చినా 108కి ఫోను చేయండి. ఆస్పిరిన్ ఇవ్వవచ్చునో లేదో వారినే అడగండి. తెల్లవారేదాకా మాత్రం ఆగకండి. నిజంగా గ్యాసే అయితే ఒక ఇ.సి.జి. కాగితం దండగ. అంతకంటే పోయేదేమీ లేదు.